రీల్స్ చూసి ఇంజన్ ఇచ్చాను, 620 కిలోమీటర్లకే తేలిపోయింది

తూగోజీ_మార్క్2 | రాజమహేంద్రవరం | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఇవాళ కడుపు మండి రాస్తున్నాను.

మాది 1972 అంబాసిడర్ మార్క్ 2. నాన్నగారు కొన్న బండి. అదే పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎప్పుడూ మార్చలేదు. రెండు మూడేళ్లుగా పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. ఈ బండి మీద చెయ్యి వేసే మేస్త్రి మా ఊళ్లో ఒక్కడే ఉండేవాడు, ఆయన పోయాక ఎవరికివ్వాలో తోచలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒకాయన వీడియోలు వరసపెట్టి రావడం మొదలైంది. నల్ల గ్లౌజులు, వెనకాల మ్యూజిక్కు, అద్దంలా మెరిసే ఎర్ర రంగు ఇంజను, ఆఖర్న తాళం తిప్పగానే అందుకోవడం. కింద ‘సూపర్ బ్రో’ అని వందల కామెంట్లు. నేనూ పడిపోయాను.

92 వేలకు మాట్లాడుకున్నాం, 60 వేలు ముందే ఇచ్చాను. నెలన్నర అన్నాడు, ఐదు నెలలు పట్టింది. ఇంజన్ వచ్చిన రోజు మా ఆవిడ హారతి కూడా ఇచ్చింది. ఇప్పటికి తిరిగింది 620 కిలోమీటర్లు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుంటే ఐడ్లింగ్ పడిపోతోంది, ఒక్కోసారి ఆగిపోతోంది. క్లచ్ వదిలితే మళ్లీ మామూలే. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే క్లచ్ డబ్బా) కింద రోజూ ఆయిల్ మరక. డిప్‌స్టిక్ తీసి ఎండలో చూస్తే ఆయిల్లో వెండి పొడి కలిపినట్టు మెరుపు.

ఫోన్ చేస్తే, ‘కొత్త ఇంజన్ కదా సార్, వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి, సెట్ అవుతుంది’ అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత అతని పేజీయే నాకు కనిపించడం లేదు. ఏం చెయ్యమంటారు?

ఎర్రబస్సు | గుంటూరు | శనివారం రాత్రి 9:58

‘సెట్ అవుతుంది సార్’ అనే మాటకి డబ్బులు పంచితే ఈపాటికి మన రాష్ట్రం అప్పులన్నీ తీరిపోయేవి.

పేరు చెప్పండి బ్రదర్, మేమైనా జాగ్రత్తపడతాం.

నిర్వాహకుడు | శనివారం రాత్రి 10:05

పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు వద్దు. అవతలి మనిషి ఇక్కడ లేడు, అతని మాట మనం వినలేదు. ఇంజన్ సంగతి ఎంతైనా మాట్లాడుకోండి.

లేత్‌షాపు | విజయవాడ ఆటోనగర్ | శనివారం రాత్రి 11:20

షాపు కట్టి ఇప్పుడే ఇంటికొచ్చా. తూగోజీ గారూ, బండి ఇంకో అడుగు కూడా నడపకండి. రేపు పొద్దున ఒక్క పని చేయండి. ఇంజన్ ఆపే ఉంచి, బానెట్ ఎత్తి, ముందున్న క్రాంక్ పుల్లీ (పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దాని ముందు కొసనున్న చక్రం) దగ్గర మీరు కూర్చోండి. లోపల ఎవరినైనా క్లచ్ తొక్కి వదలమనండి. పుల్లీ ముందుకీ వెనక్కీ కదులుతోందా? కదిలితే ఎంత? స్కేలు పెట్టి కొలిచి చెప్పండి.

తూగోజీ_మార్క్2 | ఆదివారం ఉదయం 8:15

మా అబ్బాయిని కూర్చోబెట్టి చూశాను. కదులుతోందండీ. కంటికి తెలిసిపోతోంది, స్కేలు కూడా అక్కర్లేదు. అయినా పెట్టాను. సుమారు 2 మిల్లీమీటర్లు. తొక్కినప్పుడు ముందుకొస్తోంది, టైర్ లివర్‌తో తోస్తే టక్కుమని వెనక్కి పోతోంది. ఇది అలాగే ఉండాలా?

లేత్‌షాపు | ఆదివారం ఉదయం 8:32

ఉండకూడదండీ. మనం మాట్లాడేది థౌల్లో. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. క్రాంక్ ముందూ వెనకా ఆడే ఎండ్ ప్లే ఏవో నాలుగైదు థౌలుంటే ఎక్కువ. మీ 2 మిల్లీమీటర్లంటే దాదాపు 80. క్రాంక్‌ని ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే త్రస్ట్ వాషర్లు పోయాయి. 620 కిలోమీటర్లకే పోయాయంటే నాకు ఒక అనుమానం ఉంది గానీ, ఇంజన్ దించి అడుగునున్న ఆయిల్ ఛాంబర్ విప్పేదాకా చెప్పను.

పాతచక్రం | కర్నూలు | ఆదివారం ఉదయం 10:10

ఆ అనుమానం నాకూ ఉంది, నేను చెప్పేస్తా. వయసైపోయింది, ఆగలేను.

ఈ ఇంజన్‌కి క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు మూడే. నడిమి మెయిన్‌కి రెండు పక్కలా అర్ధచంద్రాకారంలో వాషర్లుంటాయి, పక్కకి రెండు ముక్కలు చొప్పున మొత్తం నాలుగు. ఒక ముఖం మీద మెత్తటి బేరింగ్ లోహం, దానిమీద ఆయిల్ గాడులు. రెండో ముఖం ఉత్త ఉక్కు. గాడులున్న ముఖం బయటికి, అంటే తిరిగే క్రాంక్ చెంప (వెబ్) వైపుకి ఉండాలి. క్లచ్ తొక్కినప్పుడల్లా క్రాంక్‌ను ముందుకు నెట్టే బలమంతా వెనక పక్కనున్న వాషర్ల మీదే పడుతుంది. వాటిని తిప్పి పెట్టావనుకో, మెత్తటి ముఖం బ్లాక్‌కి ఆని ఊరికే ఉంటుంది, ఉక్కు వీపు తిరిగే క్రాంక్‌ని రాసుకుంటుంది. క్లచ్ తొక్కితే ఇంజన్ ఆగిపోతోందంటే లోపల బ్రేకు వేసినట్టే కదా! ఆ వెండి పొడి కూడా అదే.

నేను ఆర్టీసీ వర్క్‌షాపులో ఇంజన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మావి డీజిల్ బస్సులు, ఈ బుల్లి ఇంజన్లు కావు. కానీ అక్కడ ప్రతి ఇంజన్‌కీ ఒక కాగితం ఉండేది. జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే చోటు) కొలత, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) కొలత, ఎండ్ ప్లే అన్నీ రాసి, సంతకం పెట్టి, అప్పుడు ఛాంబర్ మూయాలి. రాయకుండా మూస్తే మా ఫోర్‌మన్ మళ్లీ విప్పించేవాడు. తిట్టుకునేవాళ్లం. తూగోజీ బాబూ, మీవాడు ఇంజన్‌తో పాటు ఏమైనా కాగితం ఇచ్చాడా?

తూగోజీ_మార్క్2 | ఆదివారం ఉదయం 10:25

కాగితం ఇవ్వలేదండీ. స్టిక్కర్ ఇచ్చాడు. అతని పేజీ పేరు ఉన్నది. వెనక అద్దానికి అంటించమన్నాడు.

ఎర్రబస్సు | ఆదివారం ఉదయం 10:31

అంటించారా?

తూగోజీ_మార్క్2 | ఆదివారం ఉదయం 10:33

అంటించాను. ఇప్పుడే గీకి వచ్చాను.

డిలైట్1089 | హైదరాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 1:45

నాది ఫియట్, 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం). అంబాసిడర్ వాళ్ల దారిలో నేను అడ్డురాను గానీ, విషయం ఒకటే కాబట్టి రాస్తున్నా.

ఈ వీడియోల్లో ఏం చూపిస్తారో గమనించారా? విప్పడం, కడగడం, రంగు వేయడం, స్టార్ట్ చేయడం. మధ్యలో అసలు పని ఉంటుంది చూడండి, మైక్రోమీటర్ పట్టుకుని ఒక జర్నల్‌ని నాలుగు చోట్ల కొలిచి, తేడా వచ్చిందని మళ్లీ గ్రైండింగ్‌కి పంపడం, పిస్టన్ రింగును ఉత్త బోరులో పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) తో కొసల మధ్య గ్యాప్ చూసుకోవడం, ఇవెక్కడా ఉండవు. ఎందుకుంటాయి? చూడ్డానికి అంతకన్నా బోరు కొట్టే పని లేదు. పోయినేడాది ఒకాయన లైవ్‌లో ఉంటే అడిగాను, ‘రింగ్ గ్యాప్ ఎంత పెడుతున్నారు?’ అని. ‘బాక్సులో వచ్చినవి డైరెక్ట్ ఫిట్టింగ్ బ్రో’ అన్నాడు. తర్వాత నా కామెంట్ మాయం.

స్థూలంగా చెప్పాలంటే బోరు ప్రతి అంగుళానికీ 4 థౌల గ్యాప్ అని పాతవాళ్ల లెక్క. అంబాసిడర్ బోరు 73 మిల్లీమీటర్లు, అంటే 3 అంగుళాలకి కాస్త తక్కువ. 11, 12 థౌలు రావాలి. గ్యాప్ అసలు లేకపోతే వేడికి రింగు సాగి కొసలు రెండూ గుద్దుకుని, విరిగి, బోరుని గీరేస్తాయి. ఐదు నిమిషాల పని ఇది!

కొత్తచేయి | వరంగల్ | ఆదివారం సాయంత్రం 6:20

పెద్దలకు నమస్తే. తిట్లు తింటానని తెలిసే రాస్తున్న.

నాకు 24 ఏళ్లు. నేనూ వీడియోలు చూసే నేర్చుకున్న. ఎందుకంటే నేర్పేవాళ్లు లేరు. ఒక పాత మేస్త్రి దగ్గర మూడు నెలలు ఉన్న. చాయ్ తెచ్చిన, స్పానర్లు కడిగిన. హెడ్ (ఇంజన్ పై మూత) నట్లు ఏ వరసలో బిగించాలి, ఎందుకు బిగించాలి అని అడిగితే ‘చూస్తా ఉండు, అదే వస్తది’ అన్నడు. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి ఆయన షాపులోనే లేదు. ‘నా చెయ్యే టార్క్ రెంచి’ అనేటోడు. త్రస్ట్ వాషర్ గాడులు ఎటు ఉండాలో నాకు చెప్పింది ఇంగ్లండ్‌ల ఒక ముసలాయన వీడియో. వీడియోలన్నీ చెత్త అంటే నేనొప్పుకోను.

తప్పులు నేనూ చేసిన. మా మామ 1986 పద్మినికి హెడ్ విప్పి వాల్వులు ల్యాపింగ్ చేసిన (సీటులో అతికేలా రుద్దిన). హెడ్ చదునుగా ఉందా అని చూడలే. 40 కిలోమీటర్లకు గ్యాస్కెట్ ఎగిరింది. కానీ మామ దగ్గర పైసలు తీసుకోలే.

డిలైట్1089 | ఆదివారం సాయంత్రం 7:02

తమ్ముడూ, నిన్ను ఎవరూ తిట్టరు. ఆఖరి వాక్యంలోనే ఉంది తేడా అంతా. నీ చేత్తో నీ మామ బండి పాడుచేసి నేర్చుకున్నావు. మేమంతా అలాగే వచ్చాం. నేర్చుకునే రోజుల్లోనే బోర్డు కట్టి, జనం దగ్గర 60 వేలు అడ్వాన్సు తీసుకునేవాడి గురించి మా బాధ.

పద్మిని హెడ్ అల్యూమినియం, కింద బ్లాక్ పోత ఇనుము. ఇంజన్ వేడిగా ఉండగా హెడ్ విప్పితే వంగుతుంది. పూర్తిగా చల్లారాక, బిగించిన వరసకి తిరగేసి, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. తర్వాత స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి, పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి కింద ఫీలర్ దూరుతుందేమో చూడాలి. వెలుతురు కనిపిస్తే ఫేసింగ్‌కి (చదును చేయడానికి) పంపాలి.

పాతచక్రం | ఆదివారం రాత్రి 8:40

వరంగల్ బాబు అన్నది నిజం. మా తరం వాళ్లం చెప్పలేదు. చెబితే కుర్రాడు పక్కనే షాపు పెడతాడని భయం. చెప్పడానికి మాకే సగం కారణాలు తెలియవు, అది ఇంకో సంగతి. ‘చెయ్యే టార్క్ రెంచి’ అన్న మేస్త్రుల చేతుల్లో స్టడ్లు తెగడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లు బతికిపోయింది ఎందుకంటే ఒకే రకం ఇంజన్ ముప్పై ఏళ్లపాటు వందల సార్లు కట్టారు. ఆ చెయ్యి అలా తయారైంది. ఇప్పటి కుర్రాడికి ఏడాదికి మూడు అంబాసిడర్లు వస్తే గొప్ప. వాడికి ఆ చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? కొలత ఒక్కటే వాడికి దిక్కు. అదేమో వాడు కొలవడు.

లేత్‌షాపు | ఆదివారం రాత్రి 11:05

మా వైపు నుంచి ఒక మాట. ఈ ఆన్‌లైన్ బిల్డర్లలో చాలామందికి సొంత మిషన్లు ఉండవు. బ్లాకు, క్రాంకు మాలాంటి షాపుకే పంపుతారు. అందులో తప్పు లేదు, ప్రపంచమంతా అంతే. కానీ ఏం చేయాలో రాసి పంపాలి కదా! మొన్న ఒక కుర్రాడు క్రాంక్ తెచ్చి, ‘20 థౌలు కొట్టేయండి అన్నా’ అన్నాడు. కొలిస్తే అది ఇంకా 10 థౌలు తీస్తేనే (10 అండర్ సైజుకే) సరిపోతుంది. ‘20 ఎందుకు?’ అంటే, ‘బేరింగులు 20వి కొనేశా’ అన్నాడు. క్రాంక్ ఆయుష్షులో ఒక మెట్టు ఊరికే పోయింది. ఇలాంటి క్రాంకులు మళ్లీ ఎవరు చేస్తారు?

ఇంకోటి. గ్రైండింగ్ అయ్యాక క్రాంక్ లోపలి ఆయిల్ దారుల్లో రాయి పొడి చేరుతుంది. ప్లగ్గులున్నవైతే తీసి, సన్న బ్రష్‌తో తోమి, గాలి కొట్టాలి. బోరు హోనింగ్ (రాయితో సన్న గీతలు పడేలా రుద్దడం) అయ్యాక చాలామంది పెట్రోల్‌తో తుడిచి ఊరుకుంటారు. దాంతో పొడి పోదు, గీతల్లోనే కూర్చుంటుంది. మా నాన్న వేడి నీళ్లు, బట్టల సబ్బు పెట్టి కడిగేవాడు. తర్వాత పాత తెల్ల పంచె ముక్కని ఆయిల్లో ముంచి బోరంతా తిప్పి తుడిచేవాడు. గుడ్డ బూడిద రంగులోకి వస్తే మళ్లీ సబ్బు. అలా గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా. ఒక్కో ఇంజన్‌కి గంటన్నర పట్టేది. నేను చిన్నప్పుడు ఆ గుడ్డ పట్టుకోలేక ఏడ్చేవాణ్ణి.

పుష్‌రాడ్ | ఒహాయో | సోమవారం ఉదయం 7:30

ఇక్కడి నుంచి పలకరింపు. నా గ్యారేజీలో ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. మీ అంబాసిడర్ ఇంజన్‌కి దగ్గరి చుట్టమే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ సిరీస్ ఇంజన్లే. 1950లలో వచ్చిన ఎంజీఏ 1500లోనైతే మీ 1489 సీసీయే ఉండేది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నుంచి అది అంబాసిడర్లు తయారైన బెంగాల్ ఉత్తరపారాకి వచ్చింది, స్పోర్ట్స్ కారు రూపంలో ఇక్కడికొచ్చింది. అందుకే ఇంగ్లిష్‌లో దీని వర్క్‌షాపు మాన్యువళ్లు, కొలతలు కొల్లలుగా దొరుకుతాయి. తెలియలేదు అనడానికి వీల్లేని ఇంజన్ ఇది.

అమెరికాలో అంతా పద్ధతిగా ఉంటుందనుకోకండి. ‘రీబిల్ట్ ఇంజన్’ అని అమ్మకానికి పెడతారు. విప్పితే కొత్తగా ఉండేది రంగు, గ్యాస్కెట్లు మాత్రమే. నేనూ ఒకటి కొని చేతులు కాల్చుకున్నాను. నాకు పోయింది క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులు తెరిచే ఇరుసు. కొత్త క్యామ్, దాని మీద ఆని కదిలే కొత్త ట్యాపెట్లు వేసిన ఇంజన్‌ని మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడ్లింగ్‌లో వదలకూడదు. 2000 ఆర్‌పీఎమ్ చుట్టుపక్కల ఇరవై నిమిషాలు తిప్పాలి. తక్కువ వేగంలో క్యామ్ మీదికి ఆయిల్ చాలినంత చిమ్మదు, మొదటి నిమిషాల్లోనే ముక్కులు అరిగిపోతాయి. వీడియోల్లో ఏం చేస్తారు? స్టార్ట్ చేసి, ‘విన్నారా ఐడ్లింగ్ ఎంత స్మూత్‌గా ఉందో’ అని ఫోన్‌ని సైలెన్సర్ దగ్గర పెడతారు. నాకు ఆ వీడియోలు చూస్తుంటే లోపల క్యామ్ అరుస్తున్నట్టు వినిపిస్తుంది.

ఆయిల్ కూడా చూసుకోండి. ఇప్పటి కార్ల పల్చటి ఆయిల్ వీటికి వద్దు. జింకు ఉన్న 20డబ్ల్యూ50 అనే చిక్కటి ఆయిల్ మేలు.

ఎర్రబస్సు | సోమవారం ఉదయం 9:12

పుష్‌రాడ్ గారూ, మా మేనల్లుడి బిల్డర్ 0డబ్ల్యూ20 అనే పల్చటి సింథటిక్ ఆయిలే పోశాడు. ‘ప్రీమియం’ అని బిల్లులో రాసి మరీ.

తూగోజీ_మార్క్2 | గురువారం రాత్రి 10:50

ఇంజన్ దించాం. లేత్‌షాపు గారు ఫోన్‌లో చెబుతుంటే మా ఊరి ట్రాక్టర్ మెకానిక్ విప్పాడు. వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఛాంబర్ విప్పగానే మొదట కనిపించింది నారింజ రంగు పురుగులు. నిజంగా పురుగులే అనుకున్నాను. సిలికాన్ పేస్టు. గ్యాస్కెట్‌కి బదులు వేలెడు మందాన పూశాడు, బిగించాక లోపలికి పొంగి, తెగిపడి, ఆయిల్ పంపు జాలీకి చుట్టుకున్నాయి. జాలీ సగం మూసుకుపోయింది.

తర్వాత నడిమి మెయిన్ క్యాప్. పాతచక్రం గారూ, మీకు దండం. వెనక పక్క వాషర్లు రెండూ తిరగేసి ఉన్నాయి. ముందు పక్కవి మాత్రం సరిగ్గానే ఉన్నాయి! అంటే అతనికి తెలియక పెట్టాడా, తెలిసి మరిచాడా, రెండు పక్కలా ఒకేలా కనిపించాలని పెట్టాడా, నాకు అంతుపట్టలేదు. మీరన్నట్టే ఉక్కు వైపు క్రాంక్‌ని రాసుకుని కాగితంలా పల్చబడింది. క్రాంక్ వెబ్ ముఖం మీద గోరు పెడితే తట్టుకునేంత మెట్టు పడింది.

వెనక ఆయిల్ కారడం గురించి కూడా తెలిసింది. ఈ ఇంజన్‌కి వెనక రబ్బరు సీలే ఉండదట, క్రాంక్ మీద చెక్కిన మరలాంటి గాడి ఆయిల్‌ని తిరిగి ఇంజన్ లోపలికి తోస్తుందట. అతను అక్కడ కూడా సిలికాన్ కూరాడు.

నాన్నగారికి ఇంకా చెప్పలేదు. ఆయన రోజూ సాయంత్రం వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి వెళ్లిపోతున్నారు.

పాతచక్రం | గురువారం రాత్రి 11:15

ముందు పక్క సరిగ్గా, వెనక పక్క తిరగేసి. అది అలవాటు మీద పెట్టిన చెయ్యి. రెండు పక్కలా గాడులు తనవైపే కనిపించేలా పెట్టాడు. ఎందుకు అని ఒక్కసారి అనుకున్నవాడు అలా పెట్టడు.

నాన్నగారికి చెప్పేయండి బాబూ. ఆయనకి తెలిసే ఉంటుంది.

కొత్తచేయి | గురువారం రాత్రి 11:40

క్రాంక్ పనికి వస్తదా అన్నా? వెబ్ అరిగితే పడేసుడేనా?

లేత్‌షాపు | శుక్రవారం ఉదయం 6:50

పడేయక్కర్లేదు. వెబ్ ముఖాన్ని గ్రైండింగ్ మిషన్ మీద చదును చేయొచ్చు. ఎంత పోయిందో అంత మందం ఎక్కువున్న ఓవర్ సైజు త్రస్ట్ వాషర్లు వేయాలి. మరీ లోతుగా పోతే వెల్డింగ్ పెట్టి మళ్లీ తీయాలి, అది ఖర్చు. కొలిస్తే గానీ చెప్పలేను. తూగోజీ గారూ, క్రాంకు, బ్లాకు, వాషర్ ముక్కలు అన్నీ తీసుకుని రండి. పాత వాషర్లు పారేయకండి, వాటి మందం కావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. బ్లాక్ మీది ఇంజన్ నంబర్ మీ ఆర్‌సీలో ఉన్నదేనా చూసుకోండి. 1972 బండి అంటే 50 ఏళ్లు దాటింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్లే ఆలోచన ఉంటే నంబర్లు తేడా రాకూడదు. వీళ్లలో కొందరు మీ బ్లాక్ ఉంచుకుని వేరేది ఇస్తారు.

తూగోజీ_మార్క్2 | శుక్రవారం ఉదయం 7:25

రంగు గీకి చూశాను. నంబర్ మనదే. హమ్మయ్య.

పుష్‌రాడ్ | శుక్రవారం రాత్రి 8:10

ఓవర్ సైజు వాషర్లు అక్కడ దొరక్కపోతే చెప్పండి, ఇక్కడ ఎంజీఏ విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర చూస్తాను. కానీ కొలత రానివ్వండి, ఊహించి కొనొద్దు. వచ్చే నెల మా తమ్ముడు వస్తున్నాడు, అతని చేతికిస్తాను.

తూగోజీ_మార్క్2 | శుక్రవారం రాత్రి 9:30

నాన్నగారికి చెప్పాను. వాషర్ ముక్కని చేతిలో పెట్టి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ‘గాడి ఎటుండాలో దీనికే తెలుసురా, చూడు, రాసి పెట్టినట్టుంది’ అన్నారు. ఇంకేమీ అనలేదు.

సోమవారం ఆటోనగర్ వస్తున్నాం. ఆయన కూడా వస్తానంటున్నారు. లేత్‌షాపు గారూ, ఎన్నింటికి రమ్మంటారు?

లేత్‌షాపు | శుక్రవారం రాత్రి 11:10

పదింటికి రండి. ఎండ ఎక్కకముందే కొలుస్తాం. పెద్దాయనకి కుర్చీ వేయిస్తాను. వరంగల్ తమ్ముడూ, నీకు సెలవు దొరికితే నువ్వూ రా. మైక్రోమీటర్ నీ చేతికిస్తా, అంకెలు నువ్వు చదువు, నేను రాసుకుంటా.

కొత్తచేయి | శుక్రవారం రాత్రి 11:12

ఆదివారం రాత్రి ట్రైన్ ఎక్కుతున్న అన్నా. తెల్ల గుడ్డ నేను తెస్త.